సఫలమైన ప్రాథమిక పాఠశాల

నిర్వచనం, పరిధి

ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి వరకు, అంటే సుమారు ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలకు చదువు చెప్పే బడి ప్రాథమిక పాఠశాల. తన దగ్గర చేరిన పిల్లలందరికీ ఈ ఐదేళ్లలో అర్థం చేసుకుంటూ చదవడం, తమ మాటల్లో రాయడం, రోజువారీ లెక్కలు చేయడం నేర్పి, భయం లేకుండా ఆరో తరగతిలో కూర్చోగలిగేలా తయారుచేసే బడిని సఫలమైన ప్రాథమిక పాఠశాల అనవచ్చు. ఇంట్లో చదువుకున్నవారు ఉండి, ట్యూషన్ తోడుండి, ఎక్కడ చేర్చినా ముందుకు వెళ్లే పిల్లలు ప్రతి ఊళ్లోనూ కొందరు ఉంటారు. వాళ్ల మార్కులను బట్టి బడి శక్తిని అంచనా వేయడం కుదరదు. బడి తప్ప మరో ఆసరా లేని పిల్లలు ఎంత నేర్చుకున్నారన్నదే సరైన కొలత. ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామీణ పాఠశాలలను ఆధారంగా తీసుకుని, అవసరమైన చోట ఇతర రాష్ట్రాల, దేశాల పరిశోధనలను పరిశీలిస్తుంది. గత యాభై అరవై ఏళ్లలో పోగైన ఆధారాలన్నీ కలిపి చూస్తే ఒక నిర్ధారణకు రావచ్చు. భవనాలు, నిధులు, ఉపాధ్యాయుల సంఖ్య, భోజనం, పరీక్షలు అన్నీ అవసరమే. అయితే పిల్లలు ప్రస్తుతం ఉన్న స్థాయి నుంచి పాఠం మొదలైనప్పుడే అవి చదువుగా మారతాయి. అలా మొదలుకాని చోట అవి ఖర్చుల పట్టికలోనే మిగిలిపోతాయి.

చారిత్రక నేపథ్యం

తెలుగు ప్రాంతాల్లో ఆధునిక విద్యాశాఖ ఏర్పడక ముందు చదువు వీధిబడుల్లో సాగేది. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1822లో జిల్లాల వారీగా బడుల లెక్కలు తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. 1826లో ఆయన సమర్పించిన సారాంశం ప్రకారం ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. వీటికి సంబంధించిన నివేదికల్లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపినది ముఖ్యమైనది. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్టు ఆయన తేల్చాడు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, పై పిల్లలు కింది పిల్లలకు నేర్పడం వంటి పద్ధతులను వివరించి, తక్కువ ఖర్చుతో చదువు చెప్పే ఆ తీరును మెచ్చుకున్నాడు. అదే నివేదికలో ఒక లోపాన్నీ ఎత్తిచూపాడు. పిల్లలు చదివే పద్యాల భాష వాళ్లు మాట్లాడే భాష కాదని, అందువల్ల ఎన్నో పద్యాలు అప్పజెప్పగలిగినా వాటి అర్థం తెలియక చిలకపలుకులు పలుకుతున్నారని రాశాడు. చదవడం వేరు, అర్థమై చదవడం వేరు అన్న గుర్తింపు తెలుగు బడుల చరిత్రలో రెండు వందల ఏళ్ల నాటిది. ఆనాటి బడుల్లో బాలికలు, అణగారిన కులాల పిల్లలు దాదాపు కనబడేవారు కారు. కాబట్టి అందరికీ చదువు అన్న లక్ష్యాన్ని ఆ వ్యవస్థకు ఆపాదించలేం.

స్వాతంత్ర్యానంతరం మొదటి లక్ష్యం బడిని పిల్లల దగ్గరికి చేర్చడం. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధన సామగ్రి ఉండాలని నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ సాయంతో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రాథమిక విద్యా పథకం 1989 నుంచి రాష్ట్రమంతటికీ విస్తరించింది. దానికి అందరికీ పరిచయమైన పేరు అప్పెప్. పిల్లలు చేసి నేర్చుకోవడం, వ్యక్తిగత భేదాలను గుర్తించడం, పరిసరాలను పాఠంగా వాడుకోవడం, పిల్లల పనిని తరగతి గోడలపై ప్రదర్శించడం వంటి సూత్రాలను అది ఉపాధ్యాయ శిక్షణలోకి తెచ్చింది. అదే కాలంలో, 1991 నుంచి, శాంతా సిన్హా నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పనికి వెళ్లే పిల్లలను బడికి మళ్లించే ఉద్యమం నడిపింది. పేద తల్లిదండ్రులకు చదువుపై ఆసక్తి ఉండదన్న అపోహను ఆ అనుభవం బలంగా ఖండించింది. ఈ కృషికి శాంతా సిన్హా 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. సర్వశిక్షా అభియాన్, 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం (చూ. విద్యా హక్కు చట్టం, 2009) ఈ క్రమంలోని తరువాతి మజిలీలు. బడిలో చేరడం దాదాపు అందరికీ సాధ్యమైన తర్వాత, చేరిన పిల్లలు ఏం నేర్చుకుంటున్నారన్న ప్రశ్న ముందుకు వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం, 2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్, తెలంగాణ 2022లో చేపట్టిన తొలిమెట్టు కార్యక్రమం ఈ ప్రశ్నకు ప్రభుత్వాలు ఇచ్చిన జవాబులు.

పాఠశాలల రకాలు

యాజమాన్యాన్ని బట్టి ప్రాథమిక పాఠశాలలు ప్రభుత్వ, మండల పరిషత్తు, పురపాలక, గిరిజన సంక్షేమ, ఎయిడెడ్, ప్రైవేటు బడులుగా విడిపోతాయి. పిల్లల కోణం నుంచి చూస్తే మరో విభజన ఇంతకన్నా ముఖ్యం. తరగతికో టీచరు ఉన్న బడి ఒక రకం. ఐదు తరగతులకూ ఒకరో ఇద్దరో ఉన్న బడి రెండో రకం. విద్యా హక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 60 మంది పిల్లల దాకా ఇద్దరు, 61 నుంచి 90 మందికి ముగ్గురు, 91 నుంచి 120 మందికి నలుగురు ఉపాధ్యాయులుండాలని చెబుతుంది. అంటే నలభై మంది పిల్లలున్న బడిలో చట్టం పూర్తిగా అమలైనా ఐదు తరగతులను ఇద్దరే పంచుకోవాలి. ఒకరు సెలవు పెడితే, సమావేశానికి వెళితే, ఎన్నికల విధులకు హాజరైతే ఆ రోజుకు అది ఏకోపాధ్యాయ పాఠశాలే. వాచకాలు మాత్రం తరగతికో టీచరు ఉన్నట్టు, తరగతిలోని పిల్లలంతా ఒకే స్థాయిలో ఉన్నట్టు భావించి తయారవుతాయి. బడి వాస్తవానికీ పాఠ్యప్రణాళిక ఊహకూ మధ్య ఉన్న ఈ దూరం ప్రాథమిక విద్యలో చాలా సమస్యలకు మూలం (చూ. బహుళ తరగతి బోధన).

ఫలితాలను కొలిచే పద్ధతులు

బడి సఫలమైందో లేదో తేల్చడానికి వాడే కొలతలు రెండు రకాలు. చేరిక, హాజరు, ఉపాధ్యాయుల నిష్పత్తి, మరుగుదొడ్లు, తాగునీరు వంటివి వసతుల కొలతలు. చదవడం, రాయడం, లెక్కలు అభ్యసన కొలతలు. రెండో రకంలో దేశంలో విస్తృతంగా చర్చకు వచ్చేది ప్రథమ్ సంస్థ తోడ్పాటుతో 2005లో మొదలైన అసర్ గ్రామీణ సర్వే. సర్వేకు వచ్చిన వ్యక్తి పిల్లల ఇంటికి వెళ్లి, ఒక్కొక్కరి పక్కనే కూర్చుని, ముందు ఒకటో తరగతి స్థాయి పేరా ఉన్న కాగితం చేతికిస్తారు. తడబడకుండా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇస్తారు. చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు చూపిస్తారు. కొద్ది నిమిషాల్లో ఆ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో తెలుస్తుంది. తెలుగులో ఆగిపోయే చోట్లు టీచర్లకు బాగా తెలుసు. అక్షరమాల అప్పజెప్పినా గుణింతం దగ్గర తికమకపడటం, గుణింతం వచ్చినా ఒత్తు దగ్గర ‘చెట్టు’ను ‘చెటు’ అని చదవడం, పదాలు కూడబలుక్కున్నా వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోవడం. లెక్కల్లో ఇలాంటి చోటు రెండంకెల తీసివేతలో అప్పు తెచ్చుకోవడం. 2024 అసర్ ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి పిల్లల్లో 23.4 శాతం, ఐదో తరగతిలో 44.8 శాతం మంది మాత్రమే రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగారు. 2022లో ఇవి 16.3, 38.5 శాతాలు. మెరుగుదల వాస్తవమే. అయినా ఈ బడుల్లో ప్రాథమిక దశ ముగించే పిల్లల్లో సగానికి పైగా మూడేళ్ల కిందటి పాఠం కూడా చదవలేకపోతున్నారన్నదీ వాస్తవమే.

బడి తానే పెట్టుకునే పరీక్షల ఫలితాలకు, బయటివారి పరిశీలనకు మధ్య పెద్ద తేడా ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అభిజీత్ సింగ్ జరిపిన అధ్యయనంలో కాగితంపై జరిపిన అధికారిక పరీక్షలు పిల్లల సామర్థ్యాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపాయని, ట్యాబ్లెట్లపై జరిపిన పరీక్షల్లో ఆ వక్రీకరణ బాగా తగ్గిందని తేలింది. తక్కువ మార్కులు వస్తే సంజాయిషీ అడుగుతారన్న భయం ఉన్న చోట మార్కులు పెరుగుతాయి, చదువు పెరగదు. కాబట్టి పరీక్ష ఉద్దేశం ఏ పిల్లకు ఏం రాదో టీచరుకు తెలియజేయడమే అయినప్పుడు మాత్రమే అది బడికి ఉపయోగపడుతుంది.

సఫలతను నిర్ణయించే అంశాలు

బడి ప్రభావంపై ఆధునిక చర్చకు 1966లో అమెరికాలో వెలువడిన కోల్‌మన్ నివేదిక నాంది పలికింది. పిల్లల ఫలితాల్లో తేడాలకు బడి వనరుల కన్నా కుటుంబ నేపథ్యమే ఎక్కువ కారణమని అది తేల్చింది. దానికి స్పందనగా రోనాల్డ్ ఎడ్మండ్స్ 1979లో పేద పిల్లలతో మంచి ఫలితాలు సాధించిన బడుల లక్షణాలను గుర్తించాడు. చదువుపై దృష్టి నిలిపే నాయకత్వం, ఏ పిల్లనూ వదులుకోని ఆశావహ వైఖరి, క్రమశిక్షణ ఉన్న ప్రశాంత వాతావరణం, మౌలిక నైపుణ్యాలకు ప్రాధాన్యం, ప్రగతిని తరచూ పరిశీలించడం ఆ జాబితాలోని ప్రధాన అంశాలు. పీటర్ మార్టిమోర్ బృందం లండన్‌లోని 50 పాఠశాలలను పరిశీలించి 1988లో ప్రచురించిన అధ్యయనం కూడా ఒకే రకమైన పిల్లలున్న బడుల మధ్య ఫలితాల్లో గణనీయమైన తేడా ఉంటుందని చూపింది. ఈ అధ్యయనాలు మంచి బడి ఎలా ఉంటుందో చెప్పాయి గానీ, సాధారణ బడి అలా ఎలా మారుతుందో చెప్పలేదు. ఆ రెండో ప్రశ్నకు జవాబులు యాదృచ్ఛిక ప్రయోగాల నుంచి వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి కొన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే జరిగాయి.

పాఠం స్థాయి. ముంబయి, వడోదర నగరాల్లో 2001 నుంచి జరిగిన ప్రయోగంలో మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లలకు స్థానిక యువతులు రోజుకు రెండు గంటలు వాళ్ల స్థాయి నుంచి చదువు చెప్పారు. రెండో ఏడాది ముగిసేసరికి ఆ బడుల ఫలితాలు 0.28 ప్రామాణిక విచలనాల మేర పెరిగాయి. హర్యానాలో ప్రభుత్వ ఉపాధ్యాయులే రోజుకో గంట తరగతులను పక్కనపెట్టి, పిల్లలను స్థాయిని బట్టి కూర్చోబెట్టి చెప్పినప్పుడు భాషలో ప్రగతి కనిపించింది. ప్రథమ్ సంస్థే ఇదే సామగ్రిని, శిక్షణను అందించి, బడి దినచర్యను మాత్రం మార్చని చోట ఫలితం రాలేదు. కెన్యాలో జరిగిన మరో ప్రయోగం ఇదే విషయాన్ని అటువైపు నుంచి చూపింది. అక్కడ ఉచితంగా పంచిన పాఠ్యపుస్తకాల వల్ల అప్పటికే ముందున్న పిల్లలకే మేలు జరిగింది, మిగిలినవాళ్లకు ఆ పుస్తకం చదవడమే రాదు. ఏడాది చివరికి సిలబస్ పూర్తి కావాలన్న నిబంధన కింద మూడో తరగతి టీచరు మూడో తరగతి వాచకమే చెబుతారు. ఒకటో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్లకు ఆ పాఠంలో చోటు లేదు. సోమరితనం వల్లనో, తెలివి తక్కువ కావడం వల్లనో కాదు, పాఠం తనకోసం కాకపోవడం వల్ల ఆ పిల్ల వెనకబడుతుంది.

ఉపాధ్యాయుల పని. 2003లో దేశవ్యాప్తంగా ముందు చెప్పకుండా జరిపిన తనిఖీల్లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల్లో 25 శాతం మంది బడిలో లేరని, దాదాపు సగం మంది మాత్రమే ఆ సమయంలో పాఠం చెబుతున్నారని తేలింది. హాజరు సమస్య నిజమే గానీ, హాజరే పరిష్కారం కాదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన ప్రయోగంలో పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు వార్షిక జీతంలో సగటున సుమారు 3 శాతం బోనస్ ఇచ్చారు. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. వందమందిలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్లను గణితంలో దాదాపు అరవయ్యో స్థానానికి చేర్చేంత ప్రగతి అది. ఆ బడుల్లో టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజుల్లో చేసిన పని మారింది. అదనపు తరగతులు, ఇంటిపని, అభ్యాస పరీక్షలు, వెనకబడిన పిల్లలపై శ్రద్ధ పెరిగాయి. అదే రాష్ట్రంలో అదనంగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుణ్ణి నియమించిన బడుల్లోనూ రెండు సబ్జెక్టుల్లో సుమారు 0.15 ప్రామాణిక విచలనాల ప్రగతి కనిపించింది. అమెరికాలోని టెనెసీలో 1985లో మొదలైన ప్రయోగం తరగతిలో 13 నుంచి 17 మంది పిల్లలే ఉంటే కింది తరగతుల్లో మేలు జరుగుతుందని చూపింది. మనుషుల సంఖ్య ముఖ్యమే. ఆ మనుషుల సమయం ఏ పిల్లల దగ్గర ఖర్చవుతోందన్నది అంతకన్నా ముఖ్యం.

భాష. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలంటుంది. ఇంట్లో సవర, కోయ, గోండి, కోలామి, కువి మాట్లాడే పిల్లలకు తెలుగు వాచకం కూడా పరాయిదే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతంలో సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టి ఈ అవసరాన్ని తొలినాళ్లలోనే గుర్తించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యను చేపట్టింది. ఆ భాషల్లో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి, ఆంగ్లంలోకి తీసుకెళ్లడం దాని పద్ధతి (చూ. గిరిజన విద్య). చదవడం అంటే తెలిసిన మాటను అక్షరాల్లో గుర్తుపట్టడం. మాటే తెలియని చోట అక్షరం ఎంత వచ్చినా క్యాంబెల్ చూసిన చిలకపలుకులే మిగులుతాయి.

ఆహారం, ఆరోగ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 450 కిలోకేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు జాతీయ ప్రమాణం. 2002 నుంచి రాష్ట్రంలో సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను అనుసరించిన యంగ్ లైవ్స్ అధ్యయనం సమాచారంతో చేసిన పరిశోధన, కరువు వల్ల పసితనంలో ఎదుగుదల దెబ్బతిన్న పిల్లలు బడి భోజనం వల్ల కోలుకున్నారని చూపింది. తరగతిలో మార్కులు పెరిగినా పెరగకపోయినా పిల్లల శరీరానికి జరిగిన ఈ మేలు తనంతట తాను విలువైనది. ఆకలితో ఉన్న పిల్లకు ఏ స్థాయి పాఠమైనా ఎక్కదు కాబట్టి భోజనం చదువుకు పునాది కూడా.

వసతులు, నిధులు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ప్రారంభమైన మనబడి నాడు-నేడు, తెలంగాణలో 2022లో వచ్చిన మన ఊరు-మన బడి పథకాలు తాగునీరు, మరుగుదొడ్లు, గదుల మరమ్మతులపై దృష్టి పెట్టాయి. మరుగుదొడ్డి లేని బడి బాలికల హాజరుకు అడ్డంకి. కాబట్టి ఇవి హక్కుగా అందాల్సినవే. ఫలితాల విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. రాష్ట్రంలో 200 బడులపై జరిగిన ఒక అధ్యయనంలో బోధన సామగ్రికి అనుకోకుండా అందిన నిధులు మొదటి ఏడాది మార్కులు పెంచాయి. రెండో ఏడాది అవి వస్తాయని తెలిసిన కుటుంబాలు పుస్తకాలు, నోట్‌బుక్కులపై తమ ఖర్చు తగ్గించుకోవడంతో ఆ ప్రభావం కనిపించలేదు. పేద ఇంటికి ఆ ఊరట నిజమైనదే. దాన్ని అభ్యసన ప్రగతిగా మాత్రం లెక్కవేయకూడదు.

నాయకత్వం, సమాజం. విద్యా హక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఊరి విద్యా కమిటీల గురించి సమావేశాలు పెట్టి తెలియజెప్పినా బడిలో ఏమీ మారలేదు. అదే జిల్లాలోని కొన్ని ఊళ్లలో యువకులు స్వచ్ఛందంగా నడిపిన పఠన శిబిరాలకు వచ్చిన పిల్లలు మాత్రం చదవడం నేర్చుకున్నారు. మధ్యప్రదేశ్‌లో బడుల లోపాలను గుర్తించి, మెరుగుదల ప్రణాళికలు రాయించిన కార్యక్రమం కాగితాల మీద బాగా నడిచింది గానీ పాఠం చెప్పే తీరును, పిల్లల ఫలితాలను మార్చలేదు. కమిటీ గానీ ప్రణాళిక గానీ చదవలేని పిల్లల చుట్టూ నిర్దిష్టమైన పనిగా మారితేనే ఉపయోగం. ప్రధానోపాధ్యాయుని పాత్ర ఇక్కడే ఉంది. రిజిస్టర్లు సరిగ్గా ఉన్నాయా అన్నదానితో ఆగకుండా, ఫలానా మూడో తరగతి అమ్మాయికి ఒత్తులు వచ్చాయా అని అడిగే వ్యక్తి ఉన్న బడికి దిశ ఉంటుంది.

పని చేసే తీరు: ఋషివ్యాలీ పద్ధతి

పిల్లల స్థాయి నుంచి పాఠం మొదలవ్వాలన్న సూత్రం తక్కువమంది టీచర్లున్న బడిలో ఆచరణ సాధ్యమా అన్న ప్రశ్నకు మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఒక నమూనా చూపింది. పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడుల కోసం బహుళ తరగతి, బహుళ స్థాయి పద్ధతిని రూపొందించారు. వాచకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, అభ్యసన నిచ్చెనగా గోడకు వేలాడదీస్తారు. ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, ఆ గుర్తున్న కార్డు ఉంటాయి. బడికి రాగానే పిల్లలు నిచ్చెనపై తాము నిన్న ఆగిన మెట్టు చూసుకుని, ట్రేలోంచి ఆ కార్డు తీసుకుని, కార్డును బట్టి తమ బృందంలో కూర్చుంటారు. కొత్త విషయం నేర్చుకునేవాళ్లు టీచరు దగ్గర, అభ్యాసం చేసేవాళ్లు తోటి పిల్లల సాయంతో, వచ్చేసినవాళ్లు సొంతంగా పని చేస్తారు. కొన్ని మెట్ల తర్వాత మూల్యాంకన కార్డు వస్తుంది. రాకపోతే పునరభ్యాసం, వస్తే అదనపు పని. మిరప కోతలకు కుటుంబంతో వెళ్లి రెండు వారాలు రాని పిల్ల తిరిగొచ్చాక పాఠం తనను దాటిపోదు, ఆగిన మెట్టు నుంచే మొదలవుతుంది. ఐదు తరగతులూ ఒకే గదిలో ఉండటం ఇక్కడ ప్రతిబంధకం కాదు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడానికి అవకాశం. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో మొదలైన నలి-కలి, 2003లో చెన్నై నగరపాలక బడుల్లో ప్రారంభమై తమిళనాడు అంతటా విస్తరించిన కృత్యాధార విద్య ఈ పద్ధతి నుంచి స్ఫూర్తి పొందినవే. విస్తరించిన చోటల్లా కార్డులు వెళ్లాయి. వాటిని వాడే ఓపిక, అనుభవం ఉన్న ఉపాధ్యాయ శిక్షణ అన్ని చోట్లా ఒకేలా వెళ్లలేదు. సామగ్రి కన్నా టీచరుకు అందే తోడ్పాటే కష్టమైన భాగమని ఈ అనుభవం సూచిస్తుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

పేదరికం పోనిదే బడి ఏమీ చేయలేదన్నది మొదటి అభ్యంతరం. కుటుంబ నేపథ్య ప్రభావం కాదనలేనిది. అయితే హైన్‌మన్, లాక్స్‌లీ 1983లో పలు దేశాలను పోల్చి, పేద దేశాల్లో ఫలితాలపై బడి, ఉపాధ్యాయుల ప్రభావం సంపన్న దేశాల్లో కన్నా ఎక్కువగా ఉందని చూపారు. పైన వివరించిన ప్రయోగాల్లో చాలావరకు పేద కుటుంబాల పిల్లలతోనే జరిగాయి. పేదరికం అలాగే ఉండగా బడిలో పని మారితే ఫలితం మారింది. పేదరికం బడి బాధ్యతను పెంచుతుందే తప్ప తగ్గించదు.

ప్రైవేటు బడులే పరిష్కారమన్నది రెండో వాదన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 గ్రామాల్లో లాటరీ ద్వారా కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించి నాలుగేళ్లు పరిశీలించారు. తెలుగు, గణితం, ఆంగ్లం, సామాన్య, సాంఘిక శాస్త్రాల్లో లాటరీ గెలిచిన పిల్లలకు, గెలవని పిల్లలకు తేడా కనిపించలేదు. ప్రైవేటు బడుల్లో మాత్రమే నేర్పే హిందీలో గెలిచినవాళ్లు ముందున్నారు. పైకి కనిపించే ఆధిక్యం చాలావరకు చేరే పిల్లల కుటుంబాలదే అని దీనర్థం. అదే అధ్యయనంలో ప్రైవేటు బడులు పిల్లకు పెట్టే ఖర్చు ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువని, తెలుగు, గణితాలకు తక్కువ సమయం కేటాయించి కూడా సమాన ఫలితాలు సాధించాయని తేలింది. ప్రభుత్వ వ్యవస్థ తన వనరులను ఇంకా బాగా వాడుకోగలదన్న విమర్శ ఇందులో ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. అయితే యాజమాన్యం మారినంత మాత్రాన చదువు మారదన్నది కూడా ఇదే అధ్యయనం చెప్పే మాట.

తల్లిదండ్రులు కోరేది ఆంగ్ల మాధ్యమమని, దాన్ని కాదనడం పేదలకు అవకాశాలు మూసేయడమేనని మూడో అభ్యంతరం. ఉద్యోగాలు, ఉన్నత విద్య ఆంగ్లంతో ముడిపడి ఉన్నంతకాలం ఈ కోరిక న్యాయమైనదే. సంపన్నుల పిల్లలకు ఆంగ్లం ఇచ్చి పేదలకు మాతృభాష గొప్పతనం బోధించడం అన్యాయం. అయితే ఆంగ్లం నేర్పడం, ఆంగ్లంలో అన్నీ చెప్పడం ఒకటి కావు. పైన చెప్పిన లాటరీ అధ్యయనంలో, మొదటి తరం విద్యార్థులు ఆంగ్ల మాధ్యమంలోకి మారితే ఇతర సబ్జెక్టుల్లో నష్టపోవచ్చన్న సూచనలు కనిపించాయి. తెలిసిన భాషలో చదవడం స్థిరపరచి, ఆంగ్లాన్ని మొదటి నుంచి మాటగా, పాటగా, ఆ తర్వాత చదువుగా గట్టిగా నేర్పడం తల్లిదండ్రుల లక్ష్యాన్ని చేరే నమ్మకమైన దారి. మాధ్యమం ఏదైనా, పిల్లలకు అర్థమవుతోందా అన్న పరీక్షను అది నెగ్గాలి.

చదువు, లెక్కలకే పట్టుబడితే ఆట, పాట, బొమ్మలు, ఆలోచన వెనక్కి పోతాయన్నది నాలుగో అభ్యంతరం. పరీక్షల కోసమే బడి నడిపితే ఈ ప్రమాదం నిజమే. అయితే బోనస్ ప్రయోగంలో బహుమతి లేని సామాన్య, సాంఘిక శాస్త్రాల్లో కూడా పిల్లలు మెరుగయ్యారు. చదవడం వచ్చిన పిల్ల కథల పుస్తకం తెరవగలదు, పరిసరాల విజ్ఞానం పాఠం తానే చదువుకోగలదు. మౌలిక నైపుణ్యాలు మిగిలిన వాటికి పోటీ కాదు, ప్రవేశద్వారం. ఇక స్థాయిని బట్టి కూర్చోబెడితే వెనకబడిన పిల్లలపై ముద్ర పడుతుందన్న భయానికి సమాధానం ఏర్పాటు తీరులో ఉంది. రోజులో గంటో రెండు గంటలో మాత్రమే బృందాలు వేయడం, తరచూ పరీక్షించి మార్చడం, మిగిలిన సమయమంతా తరగతి పిల్లలంతా కలిసి ఉండటం తప్పనిసరి. శాశ్వత సెక్షన్లుగా విడదీయడం వేరే పని, దాన్ని సమర్థించలేం. కులాన్ని, భాషను, వైకల్యాన్ని బట్టి పిల్లలను వేరుగా కూర్చోబెట్టే బడి మార్కులు ఎంత సాధించినా సఫలమైనది కాదు.

ప్రాధాన్యం

ప్రాథమిక దశలో కలిగిన లోటు పై తరగతుల్లో దానంతట అది పూడదు. ఆరో తరగతి నుంచి ప్రతి సబ్జెక్టూ చదివి అర్థం చేసుకోవడంపైనే ఆధారపడుతుంది. చదవలేని పిల్ల ఒకేసారి అన్ని పాఠాలకూ దూరమవుతుంది, చివరికి బడికే దూరమవుతుంది. బాలిక విషయంలో ఆ దూరం తరచూ తొందర పెళ్లిగా, బాలుడి విషయంలో కూలిపనిగా మారుతుంది. అందువల్ల పదో తరగతి ఫలితాలపై, వృత్తి శిక్షణపై పెట్టే ఖర్చు చాలావరకు మొదటి మూడు తరగతుల్లో జరిగే పనిపై ఆధారపడి ఉంది. విద్యా హక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నిర్దేశించింది. ఐదేళ్లకు అది 4,000 గంటలు. ఒక పిల్లకు చదవడం, లెక్క నేర్పడానికి ఇది సరిపోయే కాలమే, ఆ గంటలు పిల్ల స్థాయి నుంచి మొదలైన పాఠానికి ఖర్చయితే. ప్రభుత్వాలు బడిని అంచనా వేసేటప్పుడు తరగతి సగటుతో పాటు అట్టడుగున ఉన్న పిల్లల ప్రగతిని విడిగా చూడటం, చిన్న బడులకు బహుళ స్థాయి బోధనలో నిరంతర తోడ్పాటు ఇవ్వడం, ఉపాధ్యాయులను బోధనేతర పనుల నుంచి తప్పించడం, సిలబస్ పూర్తి చేయడం కన్నా పిల్లలు నేర్చుకోవడాన్ని టీచరు బాధ్యతగా గుర్తించడం ఈ ఆధారాలన్నిటి నుంచి నేరుగా వచ్చే పనులు. వీటిలో ఏదీ కొత్త భవనం కోసమో కొత్త పథకం కోసమో ఆగాల్సినది కాదు. ఇప్పుడున్న బడిలో, ఇప్పుడున్న టీచర్లతో మొదలుపెట్టగలిగినవే.